మొరాయించే పేజీలు

బండి ఎద్దు మొరాయించినప్పుడు తెలివైన బండివాడు వెంటనే చెర్నాకోల తియ్యడు. దిగి వెనక్కి వెళ్లి, బండిమీద ఎంత బరువు వేశారో చూస్తాడు. ఇరుసు చూస్తాడు. చక్రం ఏ బురదలో దిగబడిందో చూస్తాడు. అవన్నీ సరిగ్గా ఉన్నవనుకొన్న తరువాతనే ఎద్దు సంగతి ఆలోచిస్తాడు. ఇప్పుడు మన ఇళ్లలో బండ్లూ లేవు, ఎద్దులూ లేవు. కంప్యూటర్లున్నవి, ఫోనులున్నవి. మొరాయించడం మాత్రం అలాగే ఉన్నది. కాని మనలో ఎవరమూ దిగి బరువు చూడటంలేదు. “పాతబడిపోయిందండీ, మార్చెయ్యాలి” అనేసి ఊరుకొంటున్నాము.

నేను కళాశాలలో తెలుగు చెప్పేవాణ్ణి. యంత్రాలతో నా పరిచయం మార్కులు ఎక్కించడం, పాఠాలు టైపు చేసుకోవడం వరకే. అయినా ఈ విషయంలో తల దూర్చవలసి వచ్చింది. ఎందుకంటే ఆ మధ్య భావనపాడులో ఒక పెద్దమనిషి నన్ను సూటిగా ఒక ప్రశ్న వేశాడు. దానికి సరైన జవాబు సంపాదించడానికి నాకు కొన్ని వారాలు పట్టింది.

భావనపాడు శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో సముద్రపొడ్డున ఉన్న మత్స్యకారుల ఊరు. టెక్కలి వైపునుంచి వెళ్లేవారికి దారిలో నౌపడా ఉప్పు మడులు కనిపిస్తాయి. మొదట భావనపాడు రేవు అన్న పేరుతో సాగిన ఆలోచనే చివరకు మూలపేట రేవు అయి, 2023 ఏప్రిల్ 19న దానికి శంకుస్థాపన జరిగింది. ఆ సంగతి అలా ఉంచండి. నా దగ్గర డిగ్రీ చదివిన అమ్మాయి ఒకతెది ఈ ఊరు. పనిమీద ఆ వైపు వెళ్లినవాణ్ణి సాయంకాలం వాళ్లింటికి వెళ్లాను. తండ్రి వీధి అరుగుమీద వల బాగుచేసుకొంటున్నాడు. లోపల అమ్మాయి ఫోను ముందు పెట్టుకొని కూర్చున్నది. పై చదువుకు దరఖాస్తు పెట్టాలి. మర్నాడే ఆఖరు తేదీ.

తెరమీద చిన్న చక్రం ఒకటి తిరుగుతున్నది. కొంతసేపటికి ఆ చక్రమూ ఆగిపోయింది. వేలితో తోస్తే పేజీ కదలదు, వెనక్కి వెళ్లమంటే వెళ్లదు. ఫోను వీపు ముట్టుకొంటే పెనంలా ఉన్నది.

“గుంట నిన్న రేత్తిరి కాణ్నించి కూకున్నాది మాస్టారూ. అది కదల్దు, ఇది లెగదు” అన్నాడు తండ్రి. తరువాత వల పక్కన పెట్టి దగ్గరకు వచ్చాడు. “మీరు సదూకున్నోరు, సెప్పండి. ఈ పోను సచ్చిపోనాదా? కొత్తది కొనీమంటే కొనెత్తాను. పదిహేనేలు ఎక్కడో దగ్గర అప్పు తెత్తాను. మరి దాన్లో అవుతాదా?”

పదిహేను వేలు. వేట సరిగ్గా సాగని నెలల్లో ఆ ఇంటికి అది ఎంత మొత్తమో నేను చెప్పనక్కరలేదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేటకు నిషేధం కూడా ఉన్నది. “కొత్త ఫోనులో అవుతుందా?” అన్నది వినోదానికి అడిగిన ప్రశ్న కాదు. ఎద్దును మార్చాలా, బరువు దించాలా అన్నదే ఆ ప్రశ్న.

మా కళాశాలలో కంప్యూటరు పాఠాలు చెప్పే మిత్రుణ్ణి పట్టుకొని, ఆయన విసుక్కోకుండా చెప్పినంతవరకు చెప్పించుకొని, మిగిలింది నేను చదువుకొని గ్రహించిన సంగతులు ఇవి.

అసలు పేజీ రాకపోవడం వేరు, వచ్చి కూర్చుని కదలకపోవడం వేరు. పరీక్షా ఫలితాల రోజున లక్షలమంది ఒక్కసారిగా ఒకే గుమ్మం తడితే లోపలివాళ్లు తలుపు తియ్యలేరు. అది అవతలి యంత్రం ఇబ్బంది. సిగ్నలు సరిగ్గా అందకపోతే అది దారి ఇబ్బంది. ఈ రెండు సందర్భాల్లోనూ మీ యంత్రం ఖాళీగానే కూర్చుని ఎదురుచూస్తూ ఉంటుంది. ఫోను వేడెక్కదు, వేరే పని చెబితే చేస్తుంది. మూడోది మన పెరట్లో జరిగేది. సరుకంతా వచ్చి పడింది, కాని దాన్ని సర్దలేక మన యంత్రమే ఉక్కిరిబిక్కిరి అవుతున్నది. అప్పుడే తెర బిగుసుకుపోతుంది, ఫోను కాలుతుంది, కంప్యూటరులోని పంకా రొద చేస్తుంది. భావనపాడులో నేను చూసింది ఈ మూడోదే.

వెబ్‌సైటు పేజీ అంటే హోటలునుంచి వచ్చే కారియరులాగా, వండి వార్చినది వస్తుందని నేను అనుకొనేవాణ్ణి. మీలో చాలామందికీ అదే అభిప్రాయం ఉండవచ్చు. నిజానికి వచ్చేది కిరాణా కొట్టు సరుకు. దానితోపాటు ఒక పెద్ద చీటీ: ఇది కడుగు, అది తరుగు, దీన్ని అందులో కలుపు, ఫలానావారింటికి వెళ్లి ఇంకో డబ్బా తీసుకురా అని. వంట చేసేది మన యంత్రంలోని బ్రౌజరు. పేజీలోని మాటలు ఎక్కడ ఉండాలి, ఎంత వెడల్పున ఉండాలి, బొమ్మ ఏ మూల కూర్చోవాలి, అన్నీ అదే లెక్కకట్టి తెరమీద గీస్తుంది. పై వరుసలో ఒక బొమ్మ ఆలస్యంగా వచ్చి పడితే కింద ఉన్నవన్నీ జరిపి మళ్లీ లెక్క కడుతుంది. చదువుతూ ఉండగా పంక్తి హఠాత్తుగా కిందికి జారిపోవడం మీరు చూసే ఉంటారు. అది ఈ మళ్లీ లెక్క ఫలితమే.

మొదట్లో ఈ చీటీ చాలా చిన్నది. టిమ్ బెర్నర్స్-లీ 1989లో స్విట్జర్లండులోని సెర్న్ పరిశోధనాలయంలో ఈ ఏర్పాటు ప్రతిపాదించాడు. 1991 నాటి తొలి పేజీలో ఉన్నవి అక్షరాలు, ఒక కాగితంనుంచి ఇంకో కాగితానికి దారి చూపే గుర్తులు, అంతే. 1995 మే నెలలో నెట్‌స్కేప్ కంపెనీలో పనిచేస్తున్న బ్రెండన్ ఐక్ పది రోజుల్లో జావాస్క్రిప్టు అనే భాషను తయారుచేశాడు. పేజీ కేవలం చదివించేదిగా ఉండక, ఇంటివాళ్ల చేత పని చేయించడం ఈ భాషతో మొదలయింది. దానివల్ల ఎంతో మేలు జరిగిన మాట నిజం. మనం దరఖాస్తులో పుట్టిన తేదీ తప్పు వేస్తే ఎర్రగా చూపించేది అదే. కాని చీటీ పెరిగింది. పెరుగుతూ పెరుగుతూ సరుకుకంటె చీటీయే బరువైన పేజీలు వచ్చినవి.

ఎంత బరువు? లక్షలకొద్దీ వెబ్‌సైట్లను తూచి చూసేవారు ఉన్నారు. 2024 నాటి వారి లెక్కలో కంప్యూటరుమీద తెరిచే మధ్యరకం పేజీ సుమారు రెండున్నర మెగాబైట్లు తూగింది. ఈ అంకె మనకు ఏమీ చెప్పదు కనుక తెలుగు కొలతలోకి మార్చుకొందాం. కంప్యూటరులో ఒక ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. మన లిపిలోని ప్రతి గుర్తుకు, అచ్చుకు, హల్లుకు, గుడికి, కొమ్ముకు, మూడేసి బైట్లు పడతాయి. (ఇందులో ఎవరి కుట్రా లేదు, అంకెలు కేటాయించిన పద్ధతి అది.) మాటకు సగటున ఎనిమిది గుర్తులు వేసుకొంటే, మాటకూ మాటకూ మధ్య ఖాళీతో కలిపి ఇరవై అయిదు బైట్లు. అంటే రెండున్నర మెగాబైట్లలో లక్ష తెలుగు మాటలు పడతాయి. వారానికి రెండువేల మాటల చొప్పున ఏడాది పొడుగునా సాగే సీరియలు నవల అంత! పది వాక్యాల వార్త చదువుకొందామని వేలు పెట్టినవాడి నెత్తిన ఏడాది సీరియలంత సరుకు దించుతున్నారన్న మాట. అందులో ఆ పది వాక్యాల వాటా ఎంతో మీరే ఊహించుకోండి.

బరువు ఒక్కటే అయితే ఆలస్యం అవుతుందేకాని బిగుసుకుపోవడం ఉండకూడదు గదా అని మా మిత్రుణ్ణి అడిగాను. అప్పుడాయన చెప్పినదాన్ని నా ఉపమానంలోకి మార్చి చెబుతాను. పూర్వం ఉమ్మడి కుటుంబంలో ఒక్కతే కోడలు ఉండేది చూడండి. మామగారి కాఫీ, అత్తగారి మడినీళ్లు, మరిది టిఫిను, పిల్లవాడి ఏడుపు, గుమ్మంలో పాలవాడి కేక, అన్నిటికీ ఆ ఇల్లాలే. (ఆ రోజులు పోయినవి. పోవడమే మంచిది. ఉపమానానికి మాత్రం పనికి వస్తున్నవి.) బ్రౌజరులో ఒక్కొక్క పేజీకి ఇటువంటి కోడలు ఒక్కతే ఉంటుంది. మెయిన్ థ్రెడ్ అని దాని పేరు. పేజీని సర్దడం ఆమె పని. జావాస్క్రిప్టు చీటీలో ఉన్నవన్నీ చేయడం ఆమె పని. మీరు తెరమీద వేలు పెడితే “ఏమండీ” అని పలకడమూ ఆమె పనే. పైగా చేతిలో ఉన్న పని పూర్తి అయ్యేదాకా ఇంకో పిలుపు వినిపించుకోకూడదని నియమం.

తెర సాఫీగా కదలాలంటే సెకనుకు అరవైసార్లు బొమ్మ గీయాలి. అంటే ఒక్కొక్క గీతకు పదహారు, పదిహేడు మిల్లీసెకన్ల వ్యవధి. ఈ లోపల ఎవరో చీటీ పంపి, “ఈ పప్పు రుబ్బు” అంటారు. రుబ్బడానికి రెండు సెకన్లు పట్టింది. ఆ రెండు సెకన్లూ గుమ్మంలో పాలవాడు అరుస్తూనే ఉంటాడు. మనకు పేజీ చచ్చిపోయినట్లు తోస్తుంది. మనం ఊరుకోము. ఇంకో నాలుగుసార్లు గట్టిగా నొక్కుతాము. ఆ నాలుగు కేకలూ వరుసలో చేరతాయి. పప్పు రుబ్బడం అయ్యాక ఆమె వాటన్నిటికీ వరుసగా సమాధానం చెబుతుంది. ఒక్కసారి నొక్కవలసిన చోట అయిదుసార్లు నొక్కిన ఫలితం అప్పుడు అనుభవానికి వస్తుంది. యాభై మిల్లీసెకన్లు దాటిన ఏ పనినైనా ఈ శాస్త్రజ్ఞులు “దీర్ఘమైన పని” అని పేరు పెట్టి దోషంగా లెక్కవేస్తారు. మన చేతుల్లోని చవకరకం ఫోనులలో, ఖరీదైన ఫోనుకంటె ఇదే పని ఎన్నో రెట్లు ఆలస్యంగా సాగుతుంది. దొరగారింట్లో గ్రైండరు, మన ఇంట్లో రుబ్బురోలు. చీటీ మాత్రం ఇద్దరికీ ఒకటే.

బొమ్మల సంగతి వేరే చెప్పాలి. కెమెరాలోంచి తీసిన ఫొటో మూడు మెగాబైట్లే గదా అనిపిస్తుంది. అది ఎండబెట్టిన వడియం. నూనెలో వేస్తే పొంగుతుంది. ఒక కోటి ఇరవై లక్షల చుక్కలున్న ఫొటోను తెరమీద చూపాలంటే చుక్కకు నాలుగు బైట్ల చొప్పున విప్పాలి. నలభై ఎనిమిది మెగాబైట్లు అయి కూర్చుంటుంది. ఒక్క ఫొటో! కొన్ని కార్యాలయాల పేజీలు తెరవగానే పెద్దల ఫొటోలు అయిదారు వరుసగా వచ్చి ఒకటి తరువాత ఒకటి జరుగుతూ ఉంటాయి. అవి తెరమీద అగ్గిపెట్టెంత ఉన్నా సరే, తగ్గించకుండా పెట్టినవైతే లోపల ఒక్కొక్కటీ గోడంత. దరఖాస్తుకు వచ్చినవాడు గోడలు మోస్తాడు.

ఇక ప్రకటనలు. ఇక్కడ కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి. ప్రకటనలు లేకపోతే పత్రికలు లేవు, ఇదీ లేదు. కాని పత్రికలో అచ్చయిన సబ్బు ప్రకటన మీరు కథ చదువుతుండగా పేజీని కిందికి తొయ్యదు. మీరు నిన్న ఏ దుకాణంలో ఏమి బేరమాడారో విచారించదు. వెబ్‌సైట్లలో జరిగేది వేరు. తెల్లవారి భావనపాడు ఒడ్డున పడవ దిగగానే చేపలు ఇసుకమీద కుప్ప పోస్తారు. చుట్టూ వ్యాపారులు మూగుతారు, పాట మొదలవుతుంది. ఒకరు ఇంత అంటారు, ఇంకొకరు అంత అంటారు, చిటికెలో కుప్ప ఎవరిదో తేలిపోతుంది. సరిగ్గా ఇటువంటి వేలం మీరు పేజీ తెరిచిన క్షణంలో జరుగుతుంది. “ఫలానా ప్రాంతంనుంచి ఒకరు వచ్చారు, ఫోను ఫలానా రకం, నిన్న మిక్సీల ధరలు చూశారు” అని చాటింపు వెళ్తుంది. ఆ జాగాలో తమ ప్రకటన చూపించడానికి కంపెనీల యంత్రాలు పాట పాడతాయి. సెకనులో కొంత భాగంలో అంతా అయిపోతుంది. ఇందులో చేప ఎవరో చెప్పనక్కరలేదు. విచిత్రమేమంటే, కొన్ని పేజీలలో ఈ పాట నడిపే చాకిరీ కూడా మీ బ్రౌజరుకే అప్పగిస్తారు. నలుగురు వ్యాపారులకు కబురు పంపాలి, జవాబులకోసం కాచుకోవాలి, ఎక్కువ పాడినవాడిని తేల్చాలి, వాడి బొమ్మ తెచ్చి గోడకు తగిలించాలి. చేపే తన బుట్టను తాను మోసుకుపోయి, తన ధర తానే కేకవేసినట్లు!

పేజీమీద ఉండేది ఒకరి చీటీ కాదన్న మాట. ఎంతమంది చూశారో లెక్కపెట్టేవాడిది ఒకటి, ప్రకటనవాడిది ఒకటి, “మాతో మాట్లాడండి” అని మూల గంట మోగించేవాడిది ఇంకొకటి. అందరికీ కోడలు ఒక్కతే.

తరువాతది జాగా తగువు. కంప్యూటరులో అప్పటికప్పుడు పని చేసుకొనే చోటును వంటింటి అరుగు అనుకోండి. అరుగు చిన్నది. గిన్నెలు ఎక్కువైతే కొన్నిటిని అటకమీద పెట్టి, కావలసినప్పుడు దింపుకొంటూ ఉండాలి. అటక ఎక్కి దిగడానికి అరుగుమీదనుంచి తీసుకోవడంకంటె ఎన్నో రెట్లు కాలం పడుతుంది. పాత కంప్యూటర్లలో తిరిగే డిస్కు అయితే ఆ తేడా వేల రెట్లు. అరుగు నిండిన తరువాత యంత్రం వంట మానేసి అటక ఎక్కడం, దిగడంతోనే సరిపెడుతుంది. అప్పుడు ఆ పేజీ ఒక్కటే కాదు, కంప్యూటరు మొత్తం కొయ్యబారుతుంది. 2008లో గూగుల్ వారు క్రోమ్ బ్రౌజరు తెచ్చినప్పుడు పేజీలకు వేరు కాపురాలు పెట్టించారు. ఒక ఇంట్లో గొడవ వస్తే పక్క ఇల్లు తగలబడకుండా ఉండటానికి అది మంచి ఏర్పాటే. కాని వేరు కాపురమంటే వేరే పొయ్యి, వేరే గిన్నెలు. ఇరవై పేజీలు తెరిచి ఉంచినవాడి అరుగుమీద ఇరవై సంసారాలు. ఫోనులకు అటక ఇంకా ఇరుకు. అవి వెనకాల ఉన్నవాటిని గిన్నెలతో సహా బయట పారేస్తాయి. సగం నింపిన దరఖాస్తు వదిలి, ఆధారు నంబరు చూసుకొని తిరిగి వచ్చేసరికి పేజీ మొదటినుంచి తెరుచుకోవడం అందుకే.

భావనపాడు అమ్మాయి ఫోనులో అలాంటి పేజీలు ముప్ఫై దాకా తెరిచి ఉన్నవి. ఆమె తప్పేమీ లేదు. మూసెయ్యాలని ఎవరూ చెప్పలేదు, తెరమీద అవి కనపడవు కూడా. అవన్నీ మూసి, ఫోను ఆపి, చల్లబడిన తరువాత మళ్లీ పెట్టింది. సంతకం ఫొటోను తమ్ముడు చిన్నది చేసి ఇచ్చాడు. తెల్లవారుజామున నాలుగు గంటలకు, తండ్రి సముద్రంలోకి వెళ్లే వేళకు, దరఖాస్తు వెళ్లింది. ఉదయం నాకు కబురు చేసింది. పదిహేను వేల అప్పు తప్పింది. అదే పాత ఫోను.

సాధారణంగా బరువు వేసేవారు అజాగ్రత్తవల్ల వేస్తారు. కావాలని, మనకు తెలియకుండా వేసిన సందర్భం కూడా ఉన్నది, అదీ మన రాష్ట్రంలోనే. 2017 సెప్టెంబరులో కాయిన్‌హైవ్ అనే సంస్థ ఒక చిన్న స్క్రిప్టు బయటపెట్టింది. దాన్ని ఏ పేజీలో పెడితే ఆ పేజీ చూడటానికి వచ్చినవారి యంత్రాలు, వారు ఉన్నంతసేపూ, మొనీరో అనే కంప్యూటరు నాణెం సంపాదించడానికి కావలసిన లెక్కలు చేస్తూ కూర్చుంటాయి. సంపాదన స్క్రిప్టు పెట్టినవాడిది. కరెంటు ఖర్చు, వేడి, ఆలస్యం మనవి. దొంగలు దీన్ని ఇతరుల వెబ్‌సైట్లలో చాటుగా దూర్చడం మొదలుపెట్టారు. 2018 ఫిబ్రవరి 11న, పేజీలను పైకి చదివి వినిపించే ఒక ఉపకరణంలో ఎవరో దీన్ని కలిపేశారు. దాన్ని వాడే నాలుగు వేలకు పైగా వెబ్‌సైట్లు ఒక్కసారిగా ఈ పనిలో పడినవి. అందులో బ్రిటిషు ప్రభుత్వానివి కూడా ఉన్నవి. అదే ఏడాది సెప్టెంబరులో, ఆంధ్రప్రదేశ్ పురపాలక పరిపాలన డైరెక్టరు వెబ్‌సైటులో, తిరుపతి నగరపాలక సంస్థ, మాచర్ల పురపాలక సంఘం వెబ్‌సైట్లలో ఈ స్క్రిప్టు ఉన్నట్లు భద్రతా పరిశోధకులు కనిపెట్టారు. పురపాలక సంఘం పేజీ చూడబోయిన గృహస్థు యంత్రం, ఎక్కడి దొంగకోసమో నాణేలు పోత పోసింది! ఇంటి యజమాని ఏమనుకొని ఉంటాడు? కంప్యూటరు పాతబడింది అనుకొని ఉంటాడు. మనదేశంలో వెట్టిచాకిరీ 1976లో చట్టరీత్యా రద్దయింది. కంప్యూటర్లకు ఆ చట్టం వర్తించదు కాబోలు. కాయిన్‌హైవ్ 2019 మార్చిలో మూతపడింది. ఆ పద్ధతి మాత్రం దానితోపాటు పోలేదు.

అన్నిసార్లూ పేజీదే తప్పు అని నేను వాదించబోవడంలేదు. 2018 ఫిబ్రవరిలోనే జరిగిన మరో సంగతి తెలుగువారు మరచిపోలేనిది. ఒక్క తెలుగు అక్షరం ప్రపంచమంతటా ఆపిల్ ఫోనులను కుప్పకూల్చింది. ఆ అక్షరం “జ్ఞా”. జ్ఞానంలో ఉన్నది, జ్ఞాపకంలో ఉన్నది. మామూలుగా రాస్తే ఏమీ కాదు. జ, పొల్లు, ఞ రాసి, కంటికి కనపడని ఒక విడదీసే గుర్తు వేసి, ఆ తరువాత దీర్ఘం తగిలిస్తే, దాన్ని తెరమీద ఎలా కూర్చాలో తెలియక ఆ ఫోనుల్లోని అక్షరాలు గీసే భాగం తలకిందులయ్యేది. సందేశంలో వస్తే సందేశాల పెట్టె మూసుకుపోయేది. కొన్ని ఫోనులు తిరిగి లేవడానికే మొండికేసినవి. ఇక్కడ బరువు పదిహేను బైట్లు. తప్పు పూర్తిగా యంత్రానిది. ఫిబ్రవరి 19న కంపెనీవారు సవరణ పంపించారు. మా జిల్లా పల్లెల్లో జ్ఞాపకాన్ని “గేపకం” అంటారు. పలికే భాషకు గౌరవం ఇమ్మని పోరాడిన గిడుగు రామమూర్తిగారు ఈ ప్రాంతంవారే, 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. “గేపకం” అని రాసుకొని ఉంటే ఏ ఫోనూ ఆగేది కాదు గదా అని మా విద్యార్థులు నన్ను ఆటపట్టించారు. ఆ తరగతిలో నాకు జవాబు తోచలేదు.

తేడా గమనించండి. ఖరీదైన ఫోనులు ఆగితే సవరణ వెంటనే వచ్చింది. చవక ఫోనులు రోజూ ఆగుతుంటే ఎవరూ సవరణ పంపరు, కొత్తది కొనుక్కోమంటారు. పేజీలు తయారుచేసేవారు సాధారణంగా మంచి యంత్రాలమీద, మంచి కనెక్షనుమీద కూర్చుని చూసుకొంటారు. అక్కడ అంతా వెన్నలా జారుతుంది. ఒక్క రోజు ఏడు వేల రూపాయల ఫోను చేతికిచ్చి ఒడ్డున ఉన్న ఊళ్లో కూర్చోబెట్టాలి వారిని!

ఇది దరఖాస్తులతో పోయే విషయం కాదు. అదే 2018లో అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. జిల్లాలో ఎన్నో ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. అటువంటి వేళ ఫోనులో మిగిలిన చార్జి కిరోసిను దీపంలో మిగిలిన చుక్కల వంటిది. బరువైన పేజీ ఆ చుక్కలు తాగుతుంది. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం, ఇన్‌కాయిస్, ఉపగ్రహాల సాయంతో చేపలు ఏ వైపు ఉండవచ్చునో, అలలు ఎంత లేస్తాయో లెక్కకట్టి తీరప్రాంతాలకు చెబుతున్నది. ఒడ్డున ఉన్నవాడికి చివరకు కావలసింది ఒక్క వాక్యం. “రేపు వేటకు వెళ్లవద్దు” అన్న వాక్యాన్ని నేను వేళ్లమీద లెక్కపెట్టి చూశాను. గుర్తులు పంతొమ్మిది, ఖాళీలు రెండు, మొత్తం యాభై తొమ్మిది బైట్లు. అటువంటి వాక్యం చుట్టూ రెండున్నర మెగాబైట్ల మండపం కట్టకుండా పంపడానికి శాస్త్రం ఏమీ అడ్డు రాదు.

మన చేతిలో ఉన్నది కూడా కొంత లేకపోలేదు. పేజీ బిగుసుకొన్నప్పుడు పదేపదే నొక్కవద్దు, ఆ కేకలన్నీ వరుసలో చేరతాయని చెప్పాను గదా. వెనకాల తెరిచి ఉన్నవి మూయండి. వార్తలు చదివేవారు బ్రౌజరులో ఉండే “చదివే పద్ధతి” వాడుకొంటే చీటీలు చాలావరకు పోయి అక్షరాలు మిగులుతాయి, కళ్లకూ హాయి. బ్రౌజరును ఎప్పటికప్పుడు కొత్త సవరణలతో ఉంచుకోవాలి, కాయిన్‌హైవ్ వంటి వాటిని పట్టుకొనే తెలివి అలాగే వస్తుంది. అన్నీ మూసిన తరువాత, ఏ పేజీ తెరిచినా, చివరకు ఖాళీగా ఉన్నా యంత్రం ఈడుస్తున్నదంటే అప్పుడు ఎద్దును అనుమానించవచ్చు. ఒక్క పేజీ దగ్గరే ఈడుస్తున్నదంటే మీ డబ్బు జేబులోనే ఉంచుకోండి.

కంప్యూటరులో క్రోమ్ వాడేవారికి బరువు తూచే త్రాసు కూడా దగ్గరలోనే ఉన్నది. షిఫ్ట్ మీట నొక్కిపట్టి ఎస్కేప్ మీట నొక్కితే ఒక పట్టిక వస్తుంది. తెరిచి ఉన్న పేజీల పేర్లు అందులో వరుసగా ఉంటాయి. ఒక గడిలో ఏది ఎంత జాగా ఆక్రమించిందో, ఇంకో గడిలో ఏది ఎంత పని చేయిస్తున్నదో అంకెలు వేసి ఉంటాయి. పని గడి తలమీద ఒకసారి నొక్కితే పేర్లు అంకెల వరుసలోకి సర్దుకొంటాయి. మొరాయించినప్పుడు పైన ఎవరి పేరు నిలబడుతుందో చూసి, దాన్ని అక్కడే ముగించవచ్చు.